కడుపు నిండితే చాలదు: విటమిన్లు ఏం చేస్తాయి, మన వంటింట్లో ఎక్కడ దొరుకుతాయి

వాకాడు: స్వర్ణముఖి నది సముద్రంలో కలిసే ఈ తీరంలో తిండికి పెద్దగా కొదవ లేదు. చుట్టూ వరి పొలాలు. కూతవేటు దూరంలో సముద్రం. చేపలు, రొయ్యలు, పీతలు. పక్కనే గూడూరు నిమ్మకాయల మార్కెట్. చాలా ఇళ్ల పెరట్లో మునగ చెట్టు. అయినా ఒళ్లంతా నీరసం, అరికాళ్ల మంటలు, నోటి పూత, నడుము నొప్పి అంటూ మందుల షాపుకు వెళ్లి "బలం గోళీలు ఇవ్వండి" అని అడిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు.

గోళీలు తప్పని సందర్భాలు ఉన్నాయి. కానీ ఎక్కువ కుటుంబాల్లో జరిగేది వేరు. డబ్బు పెట్టి తెచ్చుకున్న తిండిలోని విటమిన్లు బియ్యం కడిగిన నీళ్లలో, వార్చిన గంజిలో, కూర వండే పద్ధతిలో పోతున్నాయి. కొన్ని విటమిన్లు ఇంట్లోనే ఉన్నా తినాల్సినవాళ్ల పళ్లెంలోకి రావడం లేదు. ఏ విటమిన్ ఎందుకు కావాలి, ఎక్కడ దొరుకుతుంది, ఎలా పోతుంది అన్నది తెలిస్తే సగం సమస్య ఇంట్లోనే తీరుతుంది.

ఈ తీరం నేర్పిన పాఠం

కడుపు నిండా అన్నం తిన్నా మనిషి చనిపోవచ్చని ఆంధ్ర తీరం వందేళ్ల కిందటే చూసింది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో వాకాడుకు ఉత్తరాన ఉన్న సర్కారు జిల్లాల్లో బెరిబెరి అనే జబ్బు ఎక్కువగా ఉండేది. ముందు కాళ్లకు తిమ్మిర్లు, తర్వాత నడవలేకపోవడం, కొందరికి ఒళ్లంతా వాపు, చివరికి గుండె ఆగిపోవడం. తల్లికి లోపం ఉంటే పాలు తాగే పసిబిడ్డ కూడా చనిపోయే ప్రమాదం ఉండేది.

కారణం సూక్ష్మజీవి కాదు, బియ్యం. మర ఆడించి తెల్లగా చేసిన పచ్చి బియ్యంలో తవుడుతో పాటు విటమిన్ బి1 కూడా పోయేది. దక్షిణాన తమిళ జిల్లాల్లో కూడా జనం అన్నమే తినేవారు. కానీ అక్కడ వాడింది ఎక్కువగా ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పై పొరలోని బి1 గింజ లోపలికి ఇంకుతుంది. ఆ తర్వాత మర ఆడించినా చాలా భాగం మిగులుతుంది. అందుకే అక్కడ బెరిబెరి బాగా తక్కువ. రెండు ప్రాంతాలకూ నడుమ, సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరు వాకాడు.

ఈ జబ్బు సంగతి తేల్చడానికే 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో ఒకే ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన కేంద్రం మొదలైంది. దాన్ని నడిపింది రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు. ఆ గదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు తరలింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. తార్నాకలో ఉన్న ఈ ఎన్‌ఐఎన్ చెప్పే లెక్కలే ఇవాళ దేశమంతా పాటిస్తోంది.

విటమిన్ అంటే ఏమిటి

పిండి పదార్థం, మాంసకృత్తులు, కొవ్వు ఒంటికి గ్రాముల్లో కావాలి. విటమిన్లు మాత్రం మిల్లీగ్రాముల్లో, మైక్రోగ్రాముల్లో చాలు. కానీ అవి లేకపోతే మిగతా తిండి ఒంటికి సరిగ్గా పట్టదు. 1912లో కాసిమిర్ ఫంక్ అనే శాస్త్రవేత్త వీటికి ఈ పేరు పెట్టాడు.

మనిషికి కావాల్సిన విటమిన్లు 13. వీటిలో ఎ, డి, ఇ, కె కొవ్వులో కరుగుతాయి. ఒంట్లో నిల్వ ఉంటాయి. ముఖ్యంగా ఎ, డి మందుల రూపంలో అతిగా వాడితే పేరుకుపోయి హాని చేస్తాయి. సి, ఎనిమిది రకాల బి విటమిన్లు నీళ్లలో కరుగుతాయి. బి12 తప్ప మిగతావి ఒంట్లో ఎక్కువ కాలం నిల్వ ఉండవు. కాబట్టి తరచూ తిండి ద్వారా అందుతూ ఉండాలి.

విటమిన్ ఎ: కంటికి, రోగాలను తట్టుకోవడానికి

లోపిస్తే మొదట కనిపించేది రేచీకటి. సందె చీకట్లో బిడ్డ గుమ్మం తట్టుకుని పడిపోతుంటే, వస్తువులు తడుముకుంటుంటే అనుమానించాలి. తర్వాత కంటి తెల్లగుడ్డు మీద నురగ లాంటి మచ్చలు వస్తాయి. అప్పటికీ పట్టించుకోకపోతే నల్లగుడ్డు దెబ్బతిని చూపు పూర్తిగా పోవచ్చు. పోయిన చూపు తిరిగి రాదు.

దొరికేవి: మునగాకు, తోటకూర, పాలకూర, గోంగూర, క్యారెట్, పండు బొప్పాయి, మామిడి పండు, పసుపు గుమ్మడి, గుడ్డు పచ్చసొన, పాలు, కలేజీ. ఆకుకూరను కొంచెం నూనెతో వండితేనే ఇందులోని ఎ ఒంటికి బాగా పడుతుంది. గోంగూర గోష్ట్, మునగాకు పప్పు ఈ పని చక్కగా చేస్తాయి.

1970 నుంచి ప్రభుత్వం పిల్లలకు విటమిన్ ఎ చుక్కలు వేయిస్తోంది. 9 నెలలకు 1 లక్ష యూనిట్ల తొలి డోసు, ఆ తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్లు. మొత్తం 9 డోసులు. అంగన్‌వాడీలో, ఆరోగ్య కేంద్రంలో ఉచితం. చాలా ఇళ్లలో తట్టు టీకా రోజున తొలి డోసు వేయించి తర్వాతవి మర్చిపోతారు. టీకాల కార్డు తీసి లెక్క చూసుకోవాలి.

ఒక జాగ్రత్త. కలేజీలో విటమిన్ ఎ చాలా ఎక్కువ. బక్రీద్ తర్వాత ఇంట్లో కలేజీ ఉందని గర్భిణికి వరసగా పెట్టకూడదు. తొలి నెలల్లో ఎ అతిగా చేరితే బిడ్డకు అవకరాలు వచ్చే ప్రమాదం ఉంది. ఎంత తినొచ్చో డాక్టరును అడగాలి.

బి విటమిన్లు: తిన్నది శక్తిగా మారడానికి

బి1: బెరిబెరి రాకుండా కాపాడేది ఇదే. పప్పులు, వేరుశనగలు, నువ్వులు, రాగులు, సజ్జలు, ముడి బియ్యం, ఉప్పుడు బియ్యంలో ఉంటుంది. బి1 లోపం ఇప్పుడూ రావచ్చు. తెల్లన్నం తప్ప పెద్దగా ఏమీ తినని ముసలివాళ్లలో, వేవిళ్లతో విపరీతంగా వాంతులయ్యే గర్భిణుల్లో, బాలింతకు పథ్యం పేరుతో అన్నం, కారప్పొడి తప్ప ఏమీ పెట్టని ఇళ్లలో ఈ ముప్పు ఉంది. బాలింతకు పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర ఆపకూడదు. ఆమె పళ్లెంలో లేనిది బిడ్డ పాలలోనూ తగ్గుతుంది.

బి2: నోటి మూలలు పగలడం, నాలుక ఎర్రబడి మండటం దీని లోపానికి గుర్తులు. పాలు, పెరుగు, గుడ్లు, ఆకుకూరలు, బాదం తీసుకోవాలి. పాలను ఎండలో ఉంచితే బి2 పోతుంది.

బి3: దీని లోపంతో వచ్చేది పెల్లాగ్రా. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి చెదరడం ఉంటాయి. జొన్నే ప్రధాన ఆహారంగా ఉన్న దక్కను పల్లెల్లోని పేదల్లో ఈ జబ్బును హైదరాబాద్‌లో ఎన్‌ఐఎన్ శాస్త్రవేత్తలు కోలుత్తూరు గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా 1960లో వివరించారు. జొన్న చెడ్డది కాదు. ఏ ధాన్యమైనా అదొక్కటే తినడం చెడ్డది. చేప, కోడి మాంసం, వేరుశనగలు బి3కి మంచి ఆధారం.

బి5, బి6, బి7: పప్పులు, గుడ్లు, చేపలు, అరటిపండు, గింజలు తినేవారికి వీటి లోపం అరుదు. జుట్టు రాలుతోందని బి7 గోళీలు కొనే ముందు రక్తహీనత ఉందేమో, థైరాయిడ్ ఉందేమో చూపించుకోవడం మేలు.

ఫోలిక్ యాసిడ్: బిడ్డ కోసం ముందే మొదలుపెట్టాలి

ఇది బి9. కొత్త రక్తం పుట్టడానికి, గర్భంలో బిడ్డ మెదడు, వెన్నుపాము సరిగ్గా ఏర్పడటానికి కావాలి. దీని చరిత్రలో మనవాళ్ల పాత్ర రెండు చోట్ల ఉంది.

1928లో లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టరు బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు వస్తున్న తీవ్రమైన రక్తహీనతకు కారణం వెతికారు. అందరికంటే నాసిరకం తిండి తింటున్నది, అందరికంటే ఎక్కువగా జబ్బు పడుతున్నది పేద ముస్లిం మహిళలేనని ఆమె గమనించారు. ఈస్టు నుంచి తీసిన చౌక పదార్థం తినిపిస్తే వారు కోలుకున్నారని 1931లో ప్రకటించారు. అందులో ఉన్నది ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. దాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ కంపెనీలో విడదీసి, కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులిద్దరిని బలిగొన్న స్ప్రూ జబ్బుకు కూడా ఆ మందు పనిచేసింది.

తోటకూర, పాలకూర, పప్పులు, శనగలు, అలసందలు, బెండకాయ, కలేజీ, గుడ్లలో ఫోలేట్ ఉంటుంది. ఎన్‌ఐఎన్ 2020 లెక్క ప్రకారం మామూలు స్త్రీకి రోజుకు 220 మైక్రోగ్రాములు చాలు. గర్భిణికి 570 కావాలి. అంత తేడాను తిండి ఒక్కటే పూడ్చలేదు. అందుకే గోళీ ఇస్తారు.

బిడ్డ వెన్నుపాము గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. కాబట్టి పెళ్లయి బిడ్డల కోసం చూస్తున్నవాళ్లు ముందే డాక్టరును అడిగి ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. మూడు నెలలు నిండాక ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన గోళీ రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇవి ఉచితం. మలం నల్లగా రావడం చూసి భయపడి గోళీలు పక్కన పడేయకూడదు. అది ఐరన్ వల్ల వచ్చే మామూలు మార్పు.

బి12: చేప, గుడ్డు, పాలు

నరాలకు, రక్తానికి ఇది కావాలి. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండదు. చేప, మాంసం, గుడ్డు, పాలలో ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు 2.2 మైక్రోగ్రాములు చాలు. తీరంలో చౌకగా దొరికే నెత్తళ్లు, కానాగంతలు దీనికి మంచివి. ఎండు నెత్తళ్లు కూడా పనికొస్తాయి. కానీ ఉప్పు ఎక్కువ కాబట్టి బీపీ ఉన్నవాళ్లు తగ్గించుకోవాలి.

మాంసం వండే ఇంట్లో అందరికీ బి12 అందుతుందనుకోవడం పొరపాటు. మగవాళ్లు, పిల్లలు తిన్నాక మిగిలిన సాలన్‌తో సరిపెట్టుకునే తల్లుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఏళ్ల తరబడి షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు గోళీలు వాడేవాళ్లలో కూడా బి12 తగ్గుతుంది. అరికాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు, నాలుక నున్నబడటం కనిపిస్తే "షుగర్ వల్లే" అనుకుని వదిలేయకుండా రక్త పరీక్ష చేయించాలి. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా మానకపోవచ్చు.

విటమిన్ సి: నిమ్మ కంటే జామలో ఎక్కువ

చిగుళ్లు గట్టిగా ఉండటానికి, పుండ్లు మానడానికి, ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి కావాలి. మగవాళ్లకు రోజుకు 80, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాములు. వంద గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. నిమ్మరసంలో దాదాపు 50. ఉసిరి కూడా జామతో పోటీపడుతుంది. కాబట్టి ఒక్క జామకాయ తిన్నా ఆ రోజుకు చాలు.

వేడికి, గాలికి సి త్వరగా పోతుంది. నిమ్మరసాన్ని పప్పులో, కూరలో పొయ్యి మీద ఉండగా కాకుండా దించాక పిండాలి. కూరగాయలను కోసి నీళ్లలో నానబెట్టకూడదు. కడిగాకే కోయాలి.

విటమిన్ డి: ఎండ ఉన్నా లోపమే

ఎముకలు గట్టిపడటానికి డి కావాలి. లోపిస్తే పిల్లల కాళ్లు వంకర పోతాయి. పెద్దవాళ్లకు నడుము, తొడల నొప్పులు వస్తాయి. సంవత్సరమంతా ఎండ కాసే చోట ఇది ఎందుకు లోపిస్తుందని అనిపించవచ్చు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు ఆ చుట్టుపక్కల ఆరోగ్యంగా ఉన్నవాళ్లను పరీక్షించినప్పుడు పట్నంలోనూ పల్లెల్లోనూ డి లోపం కనిపించింది. చర్మంలో డి తయారయ్యేది పొద్దుటి లేత ఎండలో కాదని, ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్య ఎండలోనని కూడా వారు చెప్పారు.

కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పనిచేయదు. ఒళ్లు కప్పుకుంటే కూడా అందదు. పర్దా పాటించే స్త్రీలు ఇంటి పెరట్లోనో, చుట్టూ గోడ ఉన్న మిద్దె మీదో చేతులు, ముఖం, కాళ్లకు ఎండ తగిలేలా వారానికి కొన్నిసార్లు కాసేపు కూర్చోవచ్చు. వడగాలులు వీచే రోజుల్లో ఇది వద్దు. నూనె ఉన్న చేపలు, గుడ్డు సొన కొంత డి ఇస్తాయి. రోజుకు కావాల్సింది 600 యూనిట్లు. తిండితో అంత రావడం కష్టం. కాబట్టి ఇంట్లోనే ఉండే స్త్రీలు, ముసలివాళ్లు పరీక్ష చేయించుకుని డాక్టరు చెప్పిన మోతాదులో మందు వాడాలి. ఇష్టమొచ్చినట్టు డి ఇంజెక్షన్లు వేయించుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి.

విటమిన్ ఇ, కె

ఇ కణాలను కాపాడుతుంది. వేరుశనగలు, బాదం, పొద్దుతిరుగుడు నూనెలో ఉంటుంది. కె రక్తం గడ్డకట్టడానికి కావాలి. ఆకుకూరల్లో పుష్కలం. పుట్టిన బిడ్డకు ఆసుపత్రిలో వేసే కె ఇంజెక్షన్‌ను వద్దనకూడదు. గుండె వాల్వు మార్పించుకుని వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచడం, మానేయడం చేయకూడదు. రోజూ ఒకే తీరుగా తినాలి.

రేషన్ బియ్యంలో తేలే గింజలు ప్లాస్టిక్ కాదు

రేషన్ బియ్యం నానబెట్టినప్పుడు కొన్ని గింజలు పైకి తేలడం చూసి ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసే ఇళ్లు ఉన్నాయి. అవి పోషకాలు కలిపిన గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్లీ బియ్యం ఆకారంలో వత్తుతారు. వంద గింజలకు ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. 2021 ఆగస్టు 15న ప్రధాని చేసిన ప్రకటన తర్వాత దశలవారీగా రేషన్‌లోకి వచ్చాయి. కిలో బియ్యంలో ఐరన్ 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు, బి12 0.75 నుంచి 1.25 మైక్రోగ్రాములు ఉండాలన్నది నిబంధన. వాటిని ఏరి పారేస్తే పోయేది అవే. తలసేమియా, సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు సలహా తీసుకోవాలి.

నూనె, పాల ప్యాకెట్ల మీద ప్లస్ గుర్తు, ఎఫ్ అక్షరం ఉంటే వాటిలో ఎ, డి విటమిన్లు కలిపారని అర్థం.

వంటింట్లో మార్చుకోవాల్సినవి

- బియ్యం నీళ్లు తేటగా వచ్చేదాకా నాలుగైదు సార్లు పిసికి కడగకుండా, ఒకటి రెండుసార్లు తేలిగ్గా కడగాలి.
- గంజి వార్చకుండా, సరిపడా నీళ్లు పోసి వండాలి. వారిస్తే ఆ గంజిని పారబోయకుండా చారులోనో, తాగడానికో వాడాలి.
- వారంలో కొన్ని పూటలు ఉప్పుడు బియ్యం, ముడి బియ్యం, రాగి సంగటి పెట్టాలి.
- పప్పులో, ఆకుకూరలో వంట సోడా వేయకూడదు. అది బి1ను, సిని చంపేస్తుంది.
- అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఇనుము ఒంటికి పట్టదు. కనీసం గంట ఆగాలి.
- పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలన్నది ఎన్‌ఐఎన్ మాట. బిర్యానీ రోజున కూడా దాల్చా, ఉల్లి నిమ్మ, పెరుగు చట్నీ పక్కన ఉండాలి.

రంజాన్‌లో తినే వేళలు మారతాయి కానీ ఒంటి అవసరాలు మారవు. ఖర్జూరం శక్తినిస్తుంది. అందులో సి దాదాపు లేదు. ఇఫ్తార్‌లో ఖర్జూరంతో పాటు జామ, బొప్పాయి ముక్కలు, నిమ్మ షర్బత్ ఉంటే ఆ లోటు తీరుతుంది. సహరీలో వట్టి అన్నం, చట్నీతో సరిపెట్టకుండా ఖాగీనా, పెరుగు, పప్పు తినాలి. గర్భిణులు, బాలింతలు, షుగర్ మందులు వాడేవాళ్లు రోజాలకు ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

గోళీలు ఎప్పుడు

గర్భిణులకు, విటమిన్ ఎ చుక్కలు వేయించాల్సిన పిల్లలకు, పరీక్షలో లోపం తేలినవాళ్లకు మందు తప్పదు. మిగతావాళ్లు నెలల తరబడి మల్టీవిటమిన్ కొనే డబ్బుతో గుడ్లు, పండ్లు కొనడం లాభం. గోళీలు వేసుకుంటున్నామని తిండి తగ్గించడం నష్టం.

క్యాప్సూల్ పైపొర జెలటిన్ దేని నుంచి తీసిందోనని సందేహించి కొందరు మందే మానేస్తారు. మానేయాల్సిన పని లేదు. ఎక్కువ విటమిన్లు గోళీ, పొడి, సిరప్ రూపంలో కూడా దొరుకుతాయి. అదే మందు క్యాప్సూల్ కాకుండా ఇవ్వమని డాక్టరును, షాపువాళ్లను అడగొచ్చు.

వందేళ్ల కింద ఈ తీరంలో బెరిబెరితో పోయినవాళ్లలో చాలామంది ఆకలితో పోలేదు. అన్నం తింటూనే పోయారు. వాళ్లకు కావాల్సింది మరలో పారేసిన తవుడులో ఉంది. ఇవాళ ఆ సంగతి తెలుసు. రేపు పొద్దున బియ్యం దబర పొయ్యి మీదకు ఎక్కించే ముందు, ఏది వండుతున్నాం, ఏది పారబోస్తున్నాం అని ఒక్కసారి చూసుకుంటే చాలు.